15 వేల వైర్‌లెస్ మౌస్ ఉంచుకోవాలా, వెనక్కి పంపాలా: రిటర్న్ గడువులోపు చేయాల్సిన పరీక్షలు

బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. డ్రాయింగ్‌లో రాసిన కొలతా, చేతిలో ఉన్న పార్టు కొలతా ఒకటేనా అని పొద్దంతా చూడడమే నా పని. రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్‌లో కౌంటర్‌స్ట్రైక్ 2 అనే షూటింగ్ గేమ్ ఆడతాను. మా అక్క కొడుకు వస్తే ఇద్దరం వాలరెంట్ పెడతాం, అదీ అలాంటి ఆటే. అందుకని ఆఫీసులో గానీ బంధువుల్లో గానీ ఎవరు ఖరీదైన గేమింగ్ మౌస్ కొనాలన్నా నాకు ఫోన్ చేసి ఏది మంచిదని అడుగుతారు. ఏది కొన్నా సరే, రిటర్న్ గడువు అయిపోయేలోపు దాన్ని ఎలా చూడాలో నేర్చుకోమంటాను. పది పదిహేను వేల ధరలో మరీ చెత్త మౌస్ దాదాపు దొరకదు. మీ చేతికి కుదరనిది దొరుకుతుంది. లేదా మీ ఇంటికి వచ్చిన ఆ ఒక్క పీసులో లోపం ఉంటుంది. ఈ రెండూ ఎవరి రివ్యూ చూసినా తెలియవు, మీరే చూసుకోవాలి.

ఆర్డర్ పెట్టే ముందు రిటర్న్ షరతు చదవండి. ఆన్‌లైన్‌లో చాలా వాటికి "రీప్లేస్‌మెంట్ మాత్రమే" అని ఉంటుంది. అంటే పాడైతే అదే మోడల్ ఇంకోటి ఇస్తారు, చేతికి నప్పలేదంటే డబ్బు వెనక్కి రాదు. మౌస్ విషయంలో నప్పకపోవడమే పెద్ద సమస్య కాబట్టి కొంచెం ఎక్కువైనా డబ్బు వాపసు ఇచ్చే చోటే కొనండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి వెళ్లగలిగినవాళ్లు షాపుల్లో డిస్‌ప్లేకి పెట్టిన పీసులు ఉంటే పట్టుకుని చూసి రావచ్చు. సీలు తీసిన డబ్బాని వెనక్కి తీసుకుంటారా, కంపెనీ ఇండియా వారంటీ ఉందా అన్న రెండు ప్రశ్నలూ డబ్బు కట్టకముందే అడిగేయండి.

డబ్బా విప్పేటప్పుడు ఫోన్‌తో వీడియో తీయండి. సీలు, మౌస్ మీది సీరియల్ నంబరు, డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న యూఎస్‌బీ రిసీవర్) అందులో కనబడాలి. డబ్బాలో గ్రిప్ టేపులు వస్తే ఇప్పుడే అంటించకండి.

డబ్బా మీది అంకెల సంగతి

నేను రోజూ వాడే లాజిటెక్ జీ ప్రో ఎక్స్ సూపర్‌లైట్ 2నే ఉదాహరణగా తీసుకుంటాను. 2023లో వచ్చింది. విడుదలైనప్పుడు దాని గరిష్ఠ డీపీఐ 32,000, పోలింగ్ రేటు (సెకనుకి ఎన్నిసార్లు మౌస్ కంప్యూటర్‌కి కబురు పంపుతుందో ఆ లెక్క) 2000 హెర్ట్జ్. తరువాత వచ్చిన ఫర్మ్‌వేర్ (మౌస్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లతో అదే మౌస్ 44,000 డీపీఐకి, 8000 హెర్ట్జ్‌కి చేరింది. లోపల స్క్రూ కూడా మారలేదు, అంకెలు మాత్రం పెరిగాయి. వీటి మీద డబ్బు పెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

డీపీఐ అంటే మౌస్‌ని ఒక అంగుళం కదిపితే అది కంప్యూటర్‌కి పంపే లెక్కల (కౌంట్ల) సంఖ్య. షూటింగ్ గేములు ఆడేవాళ్లు ఎక్కువమంది 400 నుంచి 1600 మధ్య పెట్టుకుంటారు. 44,000 ఎవరికీ అక్కర్లేదు. సెన్సర్ పట్టుకోగలిగే వేగాన్ని ఐపీఎస్ అని రాస్తారు, సెకనుకి ఎన్ని అంగుళాలు అని. 650 ఐపీఎస్ అంటే సెకనుకి 16 మీటర్లకి పైనే. టేబుల్ మీద చెయ్యి ఎంత విసిరినా అక్కడికి పోదు. పైగా సెన్సర్లు తయారుచేసే పిక్సార్ట్ వాళ్ల పీఏడబ్ల్యూ 3395 లాంటి మంచి సెన్సర్లు ఇప్పుడు చాలా తక్కువ ధర మౌసుల్లోనూ వస్తున్నాయి. ఖరీదైన దాంట్లో మీరు డబ్బు కట్టేది ఆకారానికి, తక్కువ బరువులోనూ గట్టిగా ఉండే బాడీకి, స్విచ్చులకి, తడబడని వైర్‌లెస్‌కి, వారంటీకి. కాబట్టి పరీక్షించాల్సినవీ అవే.

పోలింగ్ రేటు గురించి మాత్రం కొంచెం లెక్క వేద్దాం. 1000 హెర్ట్జ్ అంటే మౌస్ ప్రతి 1 మిల్లీసెకనుకీ కబురు పంపుతుంది. 8000 అంటే 0.125 మిల్లీసెకనుకి. మహా అయితే మిగిలేది 0.875 మిల్లీసెకను. 144 హెర్ట్జ్ మానిటర్ కొత్త బొమ్మ వేయడానికే దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంకో విషయం, 800 డీపీఐ దగ్గర సెకనుకి 8000 కబుర్లు నిజంగా నిండాలంటే మౌస్ సెకనుకి 10 అంగుళాల వేగంతో కదులుతూ ఉండాలి. గురిని కొద్దికొద్దిగా సరిచేసేటప్పుడు ఆ వేగం ఉండనే ఉండదు. మరోవైపు ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది, బ్యాటరీ గబగబా తరుగుతుంది. రేజర్ వైపర్ వీ3 ప్రోకి కంపెనీ చెప్పే బ్యాటరీ 1000 హెర్ట్జ్ దగ్గర 95 గంటలు, 8000 దగ్గర 17 గంటలు. 360 హెర్ట్జ్ మానిటరూ దానికి తగిన పీసీ ఉన్నవాళ్లు పెట్టుకుని చూడొచ్చు. మిగతావాళ్లకి 1000 చాలు, నేనూ అక్కడే ఉంచాను.

ముందు చెయ్యి, తరవాతే అన్నీ

ఆకారం నప్పకపోతే మిగతా పరీక్షలన్నీ పాసైనా ఆ మౌస్ మీది కాదు. అందుకే ఎక్కువ సమయం దీని మీదే పెట్టండి.

స్కేలు తీసుకుని మణికట్టు దగ్గరి గీత నుంచి నడిమి వేలి కొన వరకు కొలవండి. బొటనవేలు వదిలేసి అరచేతి వెడల్పు కూడా. నాది 18.5 సెంటీమీటర్ల పొడవు, మా మేనల్లుడిది 17 లోపు. ఒకే మౌస్‌ని ఇద్దరం వేరువేరుగా పట్టుకుంటాం. నేను వేళ్లు కాస్త పైకి మడిచి, అరచేతి వెనకభాగం మౌస్ మీద ఆనిస్తాను, దీన్ని క్లా గ్రిప్ అంటారు. వాడు వేళ్ల కొనలతోనే పట్టుకుంటాడు, అది ఫింగర్‌టిప్. చెయ్యి మొత్తం వాల్చేసేవాళ్లది పామ్ గ్రిప్. మీరు ఎలా పట్టుకుంటారో తెలియకపోతే ఆటలో మునిగి ఉన్నప్పుడు ఇంట్లో ఎవరినైనా పక్కనుంచి ఫొటో తీయమనండి. ఆలోచించి పట్టుకున్నప్పటి పట్టు వేరు, ఆడుతున్నప్పటి పట్టు వేరు.

కొలతల పట్టిక చూసి ఆకారం తేల్చలేరు. సూపర్‌లైట్ 2 కొలతలు 125, 63.5, 40 మిల్లీమీటర్లు. వైపర్ వీ3 ప్రో 127.1, 63.9, 39.9. కాగితం మీద కవలలే. చేతిలోకి తీసుకుంటే ఎవరైనా కళ్లు మూసుకుని తేడా చెప్తారు. మౌస్ వీపు మీది మూపు ఎక్కడ లేస్తుంది, పక్క గోడలు ఎంత లోపలికి వంగాయి, బటన్ల మీద వేళ్లకి గాడి ఉందా లేదా అన్నవి డబ్బా మీద ఉండవు. రేజర్ డెత్‌యాడర్ వీ3 ప్రో కొలతలు 128, 68, 44. కుడిచేతివాళ్ల కోసమే వంపు పెట్టిన ఒడ్డూ పొడవూ ఉన్న మౌస్. పామ్ గ్రిప్‌కి హాయిగా ఉంటుంది, మా మేనల్లుడికి ఇస్తే వాడు రెండో నిమిషంలోనే "మామయ్యా, ఇది నా చేతిలో తిరగట్లేదు" అన్నాడు.

మీ చేతిలో చూడాల్సినవి ఇవి. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఎక్కడ ఆనుతున్నాయి? చిటికెన వేలు ప్యాడ్‌ని రాసుకుంటూ ఉంటే కొన్నాళ్లకి చిరాకు పెడుతుంది. మౌస్‌ని పైకెత్తి పక్కకి పెట్టేటప్పుడు వేళ్లు బిగుస్తున్నాయా? బిగిస్తే ఆకారం జారుతోందని అర్థం. మణికట్టు కదపకుండా వేళ్లతోనే మౌస్‌ని మీ వైపుకి సెంటీమీటరు లాగండి. మూపు అరచేతికి గుద్దుకుంటే నిలువు గురి సరిచేయడానికి చోటు లేనట్టే. బొటనవేలు పక్క బటన్లని అందుకుంటుందా, లేక మామూలుగా పట్టుకున్నప్పుడే వాటిని నొక్కేస్తోందా?

మొదటి రాత్రి తీర్పు ఇవ్వకండి. కొత్త మౌస్ ఏదైనా మొదటిరోజు అద్భుతంగానో ఘోరంగానో అనిపిస్తుంది, రెండూ నమ్మదగ్గవి కావు. స్కోరు బోర్డునీ నమ్మొద్దు, ఒకరోజు ఆట ఇంకోరోజులా ఉండదు. ఐదారు రోజులు కొత్తదే వాడి, ఒక సాయంత్రం పాతదానికి మారండి. పాతది పట్టుకోగానే ఇంటికొచ్చినట్టు అనిపిస్తే కొత్తది వెనక్కి పంపేయండి. పాతది మొద్దుగా, బరువుగా అనిపించి చెయ్యి కొత్తదాని వైపు పోతే ఉంచుకోండి. నాకు తెలిసి ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు. రెండు గంటలు ఆడాక ముంజేతి పైభాగంలో గానీ బొటనవేలి మొదట్లో గానీ నొప్పి వస్తుంటే, అది వరుసగా రెండుమూడు రోజులు అక్కడే వస్తుంటే, ఇంకేం ఆలోచించకండి.

బరువు గురించి జనం మరీ తాపత్రయపడతారు. లాజిటెక్ జీ ప్రో వైర్‌లెస్ 2018లో వచ్చినప్పుడు 80 గ్రాములు. 2020 చివర్లో మొదటి సూపర్‌లైట్ 63కి దించింది. ఆ 17 గ్రాములు ఎవరికైనా తెలుస్తాయి. 63 నుంచి సూపర్‌లైట్ 2లో 60కి దిగిన 3 గ్రాములు ఒక ఏ4 కాగితం బరువు కూడా కాదు. వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే తూచండి, కానీ బరువుకన్నా బ్యాలెన్స్ ముఖ్యం. సెన్సర్ రంధ్రం కింద పెన్సిల్ అడ్డంగా పెట్టి నిలపండి. ముందుకో వెనక్కో బాగా తూలితే ఎత్తి పెట్టే ప్రతిసారీ మణికట్టు దాన్ని మోస్తుంది.

తరవాత చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. పక్క బటన్లు, వీల్ కొంచెం చప్పుడు చేయొచ్చు. లోపల ఏదో వదులుగా దొర్లుతున్న శబ్దం రాకూడదు. పక్క గోడల్ని గట్టిగా నొక్కండి, కిర్రుమన్నా లోపలికి వంగి దానంతటదే క్లిక్ అయినా లోపమే.

క్లిక్కులు

ఖరీదైన మౌసులు మూలపడేది ఎక్కువగా క్లిక్ పాడైపోవడం వల్లే. మామూలు స్విచ్చులో సన్నటి లోహపు రేకు ఇంకో లోహాన్ని తాకుతుంది. తాకినప్పుడు కాస్త అదురుతుంది. ఆ అదురుని రెండో క్లిక్ అనుకోకుండా మౌస్ కొద్ది మిల్లీసెకన్లు ఆగుతుంది, దాన్నే డీబౌన్స్ అంటారు. రేకు అరిగి మసిబారాక అదురు ఆ సమయాన్ని దాటిపోతుంది. అప్పుడు ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది. ఆప్టికల్ స్విచ్చులో కాంతికిరణం తెగడమో తగలడమో క్లిక్, అదురు సమస్య లేదు. సూపర్‌లైట్ 2లో లైట్‌ఫోర్స్ అని రెండూ కలిపిన స్విచ్చు పెట్టారు. నొక్కిన అనుభూతి మెకానికల్‌ది, సిగ్నల్ ఆప్టికల్‌ది. శబ్దం మాత్రం కొంచెం గట్టిగానే ఉంటుంది, రాత్రిపూట పక్క గదిలో పడుకున్నవాళ్లకి వినబడుతుంది.

డెస్క్‌టాప్ మీద ఫోల్డర్‌ని నిదానంగా ఒక్కో క్లిక్కే నొక్కుతూ పోండి, ఒక వంద. ఒక్కసారైనా ఫోల్డర్ తెరుచుకుంటే డబుల్ క్లిక్ వస్తున్నట్టే. తరవాత ఎడమ బటన్ నొక్కి పట్టి ఒక ఐకాన్‌ని స్క్రీన్ అంతా తిప్పండి. మధ్యలో జారిపోకూడదు. ఎడమ, కుడి బటన్లు ముందు అంచున, మధ్యలో, వెనక నొక్కి చూడండి. వెనక్కి పోయేకొద్దీ కొంచెం గట్టిపడడం సహజం, రెండు వైపులా ఒకేలా గట్టిపడాలి. బటన్‌ని పక్కలకి కదిపితే టకటకా కొట్టుకోకూడదు.

వీల్ కూడా అంతే శ్రద్ధగా. కౌంటర్‌స్ట్రైక్‌లో వీల్‌ని కిందికి తిప్పి జంప్ చేసేవాళ్లకి ప్రతి మెట్టూ స్పష్టంగా తెలియాలి. పెద్ద వెబ్‌పేజీ తెరిచి ఒక్కో మెట్టూ కిందికి తిప్పండి, మధ్యలో పేజీ ఒక్కసారి పైకి ఎగిరినా లోపమే. వీల్ నొక్కేటప్పుడు అది తిరిగిపోకూడదు.

సెన్సర్‌ని స్కేలుతో కొలవడం

ముందు విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" తీసేయండి. మౌస్‌ని 800 డీపీఐలో పెట్టండి.

800 అని రాసి ఉన్నది నిజంగా 800యేనా? కౌంటర్‌స్ట్రైక్ 2లో సెన్సిటివిటీ 1 ఉంటే మౌస్ పంపే ఒక్కో లెక్కకి మనిషి 0.022 డిగ్రీలు తిరుగుతాడు. 800 డీపీఐకి అంగుళానికి 17.6 డిగ్రీలు. అంటే పూర్తిగా ఒక చుట్టుకి 52 సెంటీమీటర్లు, సగం చుట్టుకి 26. మన ప్యాడ్ల మీద 52 పట్టదు కాబట్టి సగం చుట్టు చాలు. ప్యాడ్ పక్కన స్టీలు స్కేలు పెట్టి, మౌస్ అంచుని పుస్తకానికి ఆనించి నేరుగా జరపండి. ఒక గోడ మూలకి గురి పెట్టి, సరిగ్గా దానికి వెనకవైపు గుర్తు దగ్గర ఆగాలి. 25 సెంటీమీటర్లకే సగం చుట్టు తిరిగిపోతే అసలు డీపీఐ 832 దగ్గర ఉన్నట్టు. నాలుగైదు సార్లు చేసి సగటు తీసుకోండి. వాలరెంట్ వాళ్లకి సెన్సిటివిటీ 1 దగ్గర ఒక్కో లెక్కకి 0.07 డిగ్రీలు. 800 డీపీఐ, 0.35 సెన్సిటివిటీ అయితే పూర్తి చుట్టుకి 46.7 సెంటీమీటర్లు.

రెండుమూడు శాతం తేడా వస్తే అది లోపం కాదు. మౌస్ నుంచి మౌస్‌కి ఆ మాత్రం ఉంటుంది. అయినా ఈ కొలత ఎందుకు ముఖ్యమంటే, పాత మౌస్‌తో పోలుస్తున్నప్పుడు "ఇది చురుగ్గా ఉంది" అనిపించేది చాలాసార్లు ఈ తేడానే. సెన్సిటివిటీని ఆ మేరకు సరిచేసి అప్పుడు పోల్చండి.

వేగం పరీక్ష ఇంకా సులువు. మౌస్‌ని పుస్తకం అంచుకి ఆనించి గేములో ఒక చుక్కకి గురిపెట్టండి. బలంగా పక్కకి విసిరి, నెమ్మదిగా మళ్లీ అదే అంచుకి తీసుకురండి. గురి అదే చుక్క మీదికి రావాలి. ప్రతిసారీ ఒకే వైపుకి తప్పుతుంటే సాఫ్ట్‌వేర్‌లో యాక్సిలరేషన్ (చెయ్యి వేగాన్ని బట్టి పాయింటర్ దూరాన్ని మార్చేది) ఎక్కడో ఆన్‌లో ఉండవచ్చు, అది చూసుకుని మళ్లీ చేయండి.

ఇక లిఫ్ట్-ఆఫ్, అంటే మౌస్‌ని ఎంత ఎత్తితే సెన్సర్ చూడడం ఆపుతుంది అన్నది. నా దగ్గర సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్ ఉంటుంది, మీకు పాత ఏటీఎం కార్డులు చాలు. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, ప్రపంచమంతా అదే. మౌస్ అడుగున ముందు పాదం కింద ఒకటి, వెనక పాదం కింద ఒకటి పెట్టి మధ్యలో సెన్సర్ ప్యాడ్‌ని చూసేలా ఉంచి కదపండి. తరవాత రెండేసి. లిఫ్ట్-ఆఫ్‌ని తక్కువలో పెట్టినప్పుడు రెండేసి కార్డుల మీద, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎత్తులో, పాయింటర్ ఆగిపోతే బాగున్నట్టు. ప్యాడ్ మారితే ఫలితం మారుతుంది కాబట్టి మీరు ఆడే ప్యాడ్ మీదే చేయండి.

వైర్‌లెస్

మౌస్ తడబడితే తప్పు మౌస్‌దే అనుకుని వెనక్కి పంపేవాళ్లు చాలామంది. ముందు డాంగిల్ ఎక్కడుందో చూడండి. ఇవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. యూఎస్‌బీ 3.0 పోర్టులూ కేబుళ్లూ అదే ప్రాంతంలో రేడియో గోల చేస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరంగా చెప్పింది. క్యాబినెట్ వెనక, నీలం (యూఎస్‌బీ 3.0) పోర్టులో, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పక్కన డాంగిల్ గుచ్చితే తడబడకుండా ఎలా ఉంటుంది? డబ్బాలో వచ్చిన కేబుల్‌తో డాంగిల్‌ని మౌస్‌కి ఒక జానెడు దూరంలోకి తెచ్చుకోండి.

అలా పెట్టాక కష్టపెట్టి చూడండి. హార్డ్‌డిస్క్‌కి పెద్ద ఫైలు కాపీ పెట్టి, ఫోన్‌లో వీడియో నడిపి, పెయింట్ తెరిచి మౌస్‌ని గుండ్రంగా వేగంగా తిప్పుతూ గీయండి. గీతలో మూలలు, తెగిన చోట్లు కనబడకూడదు. అపార్ట్‌మెంట్లలో ప్రతి ఫ్లాట్‌కీ ఒక వైఫై ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష పొద్దున కాకుండా రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య చేయాలి. మీ ఫోన్లనీ టీవీనీ 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చితే మీ ఇంటి వరకు గోల తగ్గుతుంది. డాంగిల్ ఇంత దగ్గరగా ఉన్నా తడబాటు పోకపోతే అప్పుడు పీసులో లోపమే. బ్లూటూత్ కూడా ఉన్న మౌస్ అయితే గేమ్ ఆడేటప్పుడు దాన్ని వాడకండి, ఆలస్యం స్పష్టంగా తెలుస్తుంది.

బ్యాటరీకి పడుకునే ముందు శాతం రాసుకుని పొద్దున మళ్లీ చూడండి. ముట్టుకోకుండానే ఐదారు శాతం పోతుంటే సరిగా నిద్రపోవడం లేదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి మళ్లీ చూడండి. ఛార్జింగ్ పోర్టు యూఎస్‌బీ-సీ అయ్యుండాలి. మొదటి సూపర్‌లైట్‌కి పాత మైక్రో పోర్టే ఉండేది, ఇప్పుడు తక్కువకి వస్తోందని దాన్ని కొనేవాళ్లు ఈ సంగతి గమనించండి. డీపీఐ, పోలింగ్ సెట్ చేసుకున్నాక కంపెనీ సాఫ్ట్‌వేర్ మూసేసి, డాంగిల్ వేరే కంప్యూటర్‌కి పెట్టి చూడండి. సెట్టింగులు మౌస్‌లోనే నిలబడాలి.

మన వాతావరణానికి కావలసిన పరీక్ష ఒకటి ఉంది. ఏసీ గదుల్లో కూర్చుని చేసే రివ్యూల్లో ఇది కనిపించదు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ కింద గంట ఆడితే అరచెయ్యి తడిసిపోతుంది. విజయవాడలో, విశాఖలో ఉక్కపోతకి ఇంకా ఎక్కువ. కొన్ని పైపూతలు తడికి పట్టు ఇస్తాయి, కొన్ని జారుతాయి. ఏసీ ఆపేసి ఒక సాయంత్రం ఆడి చూడండి. జారడం ఒక్కటే ఇబ్బంది, మిగతావన్నీ నచ్చాయి అంటే వెనక్కి పంపక్కర్లేదు, గ్రిప్ టేపు అంటిస్తే సరిపోతుంది. అది గడువు దాటాక చేయాల్సిన పని.

ఆకారం నప్పలేదంటే గడువు ఇంకా నాలుగు రోజులుండగానే రిటర్న్ పెట్టండి, పికప్ ఆలస్యమైతే గొడవ ఉండదు. పీసులో లోపమైతే ఆ లోపం కనబడుతున్న వీడియో తీసి, దాంతోపాటే రీప్లేస్‌మెంట్ అడగండి. వచ్చిన కొత్త పీసుకి క్లిక్కులు, వీల్, వైర్‌లెస్ పరీక్షలు మళ్లీ చేయండి. ఆకారం ఎలాగూ తేలిపోయింది కాబట్టి ఇవి ఒక్క సాయంత్రంలో అయిపోతాయి. ఉంచుకుంటున్నట్టయితే బిల్లునీ సీరియల్ నంబరునీ ఫొటో తీసి మీకే మెయిల్ చేసుకోండి. పెద్ద కంపెనీల మౌసులకి సాధారణంగా రెండేళ్ల వారంటీ ఉంటుంది. క్లిక్ పాడయ్యే రోజుకి బిల్లు మీద ఇంకు చెరిగిపోయి ఉండొచ్చు.